ఉప్పు పాకెట్టు ఎన్నాళ్లకు వస్తుంది? ఇంటి గడపలో నర్సు నేర్వవలసిన మాట

విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మండలాల తీరగ్రామాల్లో గానీ, శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట వైపు గానీ ఏఎన్‌ఎం (ఊళ్లకు తిరిగే ప్రభుత్వ నర్సు) ఇంటికి వచ్చి బీపీ చూసే దృశ్యం ఇప్పుడు కొత్త కాదు. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ చేతికి పట్టీ చుడతారు, అంకె చూస్తారు, ‘‘బీపీ ఎక్కువుంది పెద్దమ్మా, ఉప్పు తగ్గించాలి, మాత్రలు మానకూడదు’’ అంటారు. ‘‘అలాగేనమ్మా’’ అంటుంది ఆవిడ. ఫోనులో వివరాలు ఎక్కించి నర్సు పక్కింటికి వెళ్తారు. మరుసటి నెల వచ్చేసరికి అంకె దాదాపు అక్కడే ఉంటుంది, మాటలూ అవే ఉంటాయి. ఈ సంభాషణలో అబద్ధం లేదు, నిర్లక్ష్యం లేదు, చెప్పిన సలహాలో తప్పూ లేదు. అయినా అది పనిచేయడం లేదు. జీవనశైలి మార్పుల గురించి నర్సులకు ఇచ్చే శిక్షణ ఎక్కడ బలహీనంగా ఉందో తెలుసుకోవడానికి ఈ ‘అలాగేనమ్మా’ దగ్గర మొదలుపెట్టడమే సరైనది. ఊళ్లలో ఆ మాటకు ‘ఒప్పుకున్నాను’ అనే అర్థం కంటే ‘ఇక చాలు, వెళ్లిరా’ అనే అర్థమే ఎక్కువసార్లు ఉంటుంది.

వ్యవస్థ లేదని ఎవరూ అనలేరు. వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున ఆశా కార్యకర్తలు 2005 నుంచి ఉన్నారు. బీపీ, షుగరు, క్యాన్సర్ల నియంత్రణకు జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లను ఆరోగ్య కేంద్రాలుగా మార్చి, నర్సింగ్ చదివిన వారిని ఎంఎల్‌హెచ్‌పీలుగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా) అక్కడ నియమించడం ప్రారంభించారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త ఒక ప్రశ్నపత్రం నింపుతుంది: వయసెంత, పొగాకు, మద్యం అలవాటు ఉన్నాయా, నడుము చుట్టుకొలత ఎంత, వారానికి 150 నిమిషాలైనా శరీరశ్రమ ఉందా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులు ఉన్నాయా. మార్కులు నాలుగు దాటితే పరీక్షలకు ముందుగా పంపాలి. ముప్పు ఎవరికి ఉందో ఏరడానికి ఈ పత్రం బాగానే పనికొస్తుంది. అయితే నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటిందని తేలిన స్త్రీతో, టేపు చుట్టి పక్కన పెట్టాక ఏం మాట్లాడాలో ఆ పత్రం చెప్పదు. దాన్ని నింపడానికీ, యాప్‌లో ఎక్కించడానికీ జరిగినంత శిక్షణ ఆ తరువాతి పది నిమిషాలకు జరగడం లేదు.

ఆ పది నిమిషాల విలువ చిన్నది కాదు. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, పెద్దవారిలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉంది. వీరందరికీ మాత్రలు అందించవచ్చు, అందించాలి కూడా. కానీ మాత్ర రోజుకు ఒకటో రెండో సార్లు వేసుకునేది, అన్నం మూడు పూటలా తినేది.

అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త విలియం మిల్లర్ మద్యం అలవాటు ఉన్నవారితో పనిచేసిన అనుభవం నుంచి 1983లో ఒక విషయం రాశారు. మారాలని ఎదుటివారు గట్టిగా వాదించేకొద్దీ, మారకపోవడానికి కారణాలు వెతుక్కునే పని ఆ మనిషిది అవుతుంది. మారడానికి కారణాలు ఆ మనిషి నోటి నుంచే వస్తే మార్పు వచ్చే అవకాశం పెరుగుతుంది. తరువాత స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి ఆయన దీన్ని ఒక పద్ధతిగా అభివృద్ధి చేశారు. ఆరోగ్య సిబ్బందిలో సహజంగా ఉండే ఒక ఆత్రాన్ని వారు ప్రత్యేకంగా గుర్తించారు: తప్పు కనబడగానే సరిదిద్దేయాలన్న ఆత్రం. మంచి నర్సులకే ఇది ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే వారికి ఎదుటి మనిషి మీద నిజంగానే దయ ఉంటుంది. శిక్షణ మొదట అదుపు చేయవలసింది ఈ ఆత్రాన్నే. ఈ పద్ధతిని మన దగ్గర పెద్ద పేర్లతో పరిచయం చేయనక్కరలేదు. సంతలో బేరం తెలిసిన ఏ అవ్వకైనా ఇది తెలుసు: కొనేవాడు తన నోటితో ‘బావుంది’ అనేదాకా ఆవిడ ధర చెప్పదు.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో చూడటానికి అదే అరుగు మీద మరో సంభాషణను ఊహించవచ్చు. ‘‘ఇంట్లో వంట ఎవరు చేస్తారు పెద్దమ్మా?’’ అని నర్సు అడుగుతారు. ‘‘కోడలే సేస్తాది.’’ కోడలిని కూడా వచ్చి కూర్చోమని పిలుస్తారు. ‘‘ఉప్పు సంగతి ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించి చూశారా?’’ ‘‘ఓపాలి తగ్గించేనండి, మా మావ కంచం తోసేసినాడు’’ అంటుంది కోడలు. ఇక్కడ నర్సు తొందరపడి మావగారికి హితబోధ మొదలుపెట్టకుండా, ‘‘అంటే తగ్గించడం మీకు చేతనయింది, ఆయనకు రుచి కుదరలేదు’’ అని విన్నదాన్నే తిరిగి చెబుతారు. కాసేపు ఎవరూ ఏమీ అనరు. ఆ మౌనాన్ని పాడుచేయకుండా ఆగడం శిక్షణలో అన్నిటికంటే కష్టమైన పాఠం. చివరికి పెద్దావిడే అంటుంది: ‘‘కూరలో ఎలాగున్నా, మజ్జిగన్నంలో ఉప్పేసుకోడం నేను మానెత్తాను, అది నా సేతిలోదే గదా.’’

మొదటి సంభాషణ రెండు నిమిషాలు పట్టింది, రెండోది ఆరేడు నిమిషాలు పడుతుంది. రెండోదాంట్లో నర్సు చెప్పిన ఆరోగ్య సమాచారం దాదాపు శూన్యం. కానీ బయటపడిన సమాచారం చాలా ఉంది: వండేదెవరు, అడ్డుపడేదెవరు, ఇంతకుముందు ఏం ప్రయత్నించారు, ఎవరి చేతిలో ఏముంది. సలహా ఇవ్వాల్సినప్పుడు కూడా ‘‘ఈ విషయంలో కొందరి ఇళ్లలో పనిచేసింది ఒకటుంది, చెప్పమంటారా?’’ అని అనుమతి అడిగి, చెప్పి, ‘‘మీ ఇంట్లో ఇది కుదురుతుందా?’’ అని మళ్లీ అడగాలి. ఆఖరున విన్నదాన్ని వారి మాటల్లోనే ఒకసారి చెప్పించుకోవాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే వచ్చే జవాబు మళ్లీ ‘అలాగేనమ్మా’యే.

కుటుంబంతో మాట్లాడాలనడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. రక్తపోటు ఒక్కరి ఒంట్లో ఉంటుంది, ఉప్పు మాత్రం ఇంటందరి కూరలో ఉంటుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో సరుకులు తెచ్చేది ఒకరు, వండేది ఇంకొకరు, రుచి నిర్ణయించేది మరొకరు. ఆ మూడోవారు చాలాసార్లు ఇంట్లోనే ఉండరు. గుజరాత్ తీరంలో పడవల మీదో, హైదరాబాదులో భవన నిర్మాణంలోనో ఉంటూ పండక్కి వచ్చే మనిషి కోసం ఆ వారం రోజులూ వంట మారిపోతుంది. మనవల్ని పెంచుతూ ఊళ్లో మిగిలిన అవ్వా తాతల ఇళ్లు వేరే రకం: అక్కడ వండే ఓపికే తక్కువ, పచ్చడి మెతుకులతో పూట గడిచిపోతుంది. ‘కుటుంబం’ అన్న ఒక్క మాట కింద ఇన్ని రకాల ఇళ్లు ఉన్నాయని శిక్షణ చెప్పాలి. రోగి ఒక్కరినే పక్కకు పిలిచి చెప్పే సలహా వంటగదిదాకా చేరదు.

ఉప్పు విషయాన్నే ఇంకొంచెం దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే నర్సు చేతికి ఒక లెక్క ఇస్తే సంభాషణ ఎంత మారుతుందో అది చూపిస్తుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 గ్రాములంటే ఎవరికీ ఏమీ స్ఫురించదు. నలుగురు పెద్దలున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు, అంటే కిలో పాకెట్టు 50 రోజులు రావాలి. ‘‘ఉప్పు పాకెట్టు ఎన్నాళ్లకు వస్తుంది?’’ అన్న ప్రశ్నకు ఏ ఇల్లాలైనా తడుముకోకుండా జవాబు చెప్పగలదు. నెలకొకటి అంటే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటినట్టే. చేపలు కడగడానికీ, పచ్చళ్లకూ వాడేది వేరుగా లెక్కించాలన్న మాట వచ్చినప్పుడు అసలు సంభాషణ మొదలవుతుంది. పచ్చడిలోకి వెళ్లిన ఉప్పు లెక్కలోంచి తప్పుకోదు, ఏడాది పొడుగునా కంచంలోకి వస్తూనే ఉంటుంది. ఎండు చేపలూ అంతే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, పచ్చి చేప దొరకని ఆ రోజుల్లో ఎండు చేపల మీద ఆధారపడే ఇళ్లకు ‘ఎండు చేపలు మానండి’ అనడం నిష్ప్రయోజనం, కొంత అవమానం కూడా. వండేముందు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇక కూరలో ఉప్పు వేయకుండా చూడమనడం వారు చేయగలిగే పని. కొత్త పాకెట్టు విప్పిన రోజున దాని మీద బాల్‌పెన్నుతో తేదీ రాయించడం ఇంకా తేలిక. ఎవరూ ఎవరినీ నమ్మించనక్కరలేదు, మళ్లీ వచ్చినప్పుడు పాకెట్టే చెబుతుంది.

పొగాకు విషయానికి వస్తే ఈ ప్రాంతానికి మరెక్కడా అంతగా కనిపించని చరిత్ర ఒకటి ఉంది. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, తరాలుగా ఉంది. నిప్పు సెగ నేరుగా అంగిలికి తగలడం వల్ల అక్కడ తెల్లమచ్చలు, పుళ్లు, కొందరిలో క్యాన్సరు వస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తులను ఇంటింటా పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో ప్రచురితమైంది, వారిలో పదింట నాలుగు వంతులకు పైగా అడ్డపొగ తాగేవారే. అంతకంటే నర్సులకు ఎక్కువ పనికొచ్చేది ఆ తరువాత జరిగింది. ఇదే జిల్లాతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ కలిపి 36 వేల మందికి పైగా పొగాకు అలవాటున్న వారిని ఏటేటా కలుస్తూ, నోరు పరీక్షిస్తూ, ముఖాముఖి మాట్లాడుతూ మానిపించే ప్రయత్నం చేశారు. అయిదేళ్ల ఫలితాలు 1986లో వెలువడ్డాయి. ఇలాంటి ప్రయత్నం లేని కాలంతో పోలిస్తే మానినవారు పెరిగారు. అంటే, ఇంటికి వెళ్లి మాట్లాడితే అలవాటు మారుతుందా అన్న సందేహానికి సిక్కోలు పల్లెలే ఒకప్పుడు కొంత జవాబు చెప్పాయి. ఆ సంగతి ఇవాళ్టి శిక్షణ తరగతుల్లో వినిపించకపోవడం విచిత్రం.

అందులో గమనించవలసింది ఏటేటా తిరిగి వెళ్లడం. ఒక్కసారి చెప్పి వదిలేస్తే చుట్ట మానే మనిషి అరుదు. రెండోది, నోరు చూడటం. టార్చిలైటు వేసి అంగిలి చూసి, చిన్న అద్దంలో ఆవిడకే ఆ మచ్చ చూపిస్తే, గోడమీది భయంకరమైన బొమ్మ చేయలేని పని జరుగుతుంది. అయితే తల్లి దగ్గర నేర్చుకున్న అలవాటు కాబట్టి, కోడళ్ల ముందు ఆవిడను చిన్నబుచ్చే మాట ఒక్కటి దొర్లినా తలుపు మూసుకుపోతుంది. ఉప్పు గురించి ఇంటందరితో మాట్లాడాలి, చుట్ట గురించి ఒక్కోసారి ఆవిడతో విడిగా మాట్లాడాలి. ఏది ఎప్పుడన్నది కరదీపికలో రాయలేని విచక్షణ, అభ్యాసంతోనే వస్తుంది. మానాలనుకున్న వారికి 1800-11-2356 అనే ఉచిత సహాయ ఫోను ఉందని చెప్పడం మాత్రం అందరితోనూ చేయదగినదే.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో పరిస్థితి పూర్తిగా వేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా ప్రబలి ఉంది, దాని మూలకారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. కానీ రాష్ట్రమంతటికీ ఒకే మూసలో తయారైన ఆరోగ్య సలహా ఇక్కడ ప్రమాదకరంగా మారగలదు. ‘నీళ్లు బాగా తాగండి’ అనేది ఎండలో పనిచేసే ఆరోగ్యవంతుడికి మంచి మాట, డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి దారితీసే మాట. కొబ్బరిబోండం ఒంటికి చలవ అన్నది కొబ్బరితోటల ఉద్దానంలో ఎవరికీ చెప్పనక్కరలేని విషయం, అయితే అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పాడైనవారిలో అది గుండె లయను దెబ్బతీయవచ్చు. బీపీ ఉన్నవారికి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పుల్లో సోడియానికి బదులుగా ఉండేదీ పొటాషియమే. కిడ్నీ సమస్య ఉన్నవారికి వాటిని మినహాయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది.

అందుకే ఉద్దానంలో పనిచేసే నర్సుకు ముందు నేర్పవలసిన ప్రశ్న ‘ఈ ఇంట్లో ఎవరికైనా క్రియాటినిన్ పరీక్ష చేశారా, ఎంత ఉంది?’ అన్నది. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అది. ఒకే ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు వెళ్తూ, ఇంకొకరు తోటపనికి వెళ్తూ ఉంటే ఇద్దరికీ ఒకే సలహా కుదరదు. నొప్పి మాత్రల సంగతి కూడా ఇక్కడ జీవనశైలిలో భాగమే. రోజంతా వంగి పనిచేసి, సాయంత్రం దుకాణంలో ఒళ్లునొప్పుల మాత్ర కొని వేసుకోవడం ఒక అలవాటుగా స్థిరపడిన ఇళ్లలో, ఆ మాత్రల్లో చాలావాటికి కిడ్నీని దెబ్బతీసే గుణం ఉందన్న విషయం తిండి కంటే ముందు మాట్లాడాలి. ‘‘నొప్పి వచ్చినప్పుడు ఏం వేసుకుంటారు? ఆ అట్ట ఒకసారి చూపిస్తారా?’’ అన్న రెండు మాటలు చాలు.

వ్యాయామం గురించి చెప్పుకోవలసింది తక్కువే. వారానికి 150 నిమిషాల నడక అన్న సలహా నాట్లు వేసి వచ్చిన స్త్రీ వినికిడికి వేళాకోళంగా ఉంటుంది. పలాస జీడిపప్పు పరిశ్రమలో రోజంతా కూర్చుని పప్పు ఒలిచే స్త్రీకి మాత్రం అదే సలహా అవసరం. ఎవరి పని ఏమిటో అడగకుండా నడకను సిఫారసు చేయకూడదన్నదే ఇక్కడి పాఠం.

ఇదంతా ఎలా నేర్పాలన్నది అసలు చిక్కు. జిల్లా కేంద్రంలో ఒక హాలు, తెరమీద స్లైడ్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సంతకాలు: ఈ తరహా శిక్షణతో మాట్లాడే తీరు మారదని అనడానికి ఆధారం ఉంది. వ్యసనాల చికిత్సలో ఉన్న 140 మంది నిపుణుల మీద మిల్లర్ బృందం చేసిన పరీక్ష 2004లో వెలువడింది. రెండు రోజుల కార్యశాల ఒక్కటే చేసినవారిలో నేర్చుకున్నది నెలలు గడిచేసరికి తగ్గిపోయింది. తరువాత తమ సంభాషణల మీద అభిప్రాయం, ఫోను ద్వారా మార్గదర్శనం అందినవారిలో అది నిలిచింది. ఈత మీద ఉపన్యాసం విని ఎవరూ నాగావళిలో దిగరు, దీనికీ అంతే.

అందువల్ల ఖర్చు పెట్టవలసింది హాలు మీద కాదు, ఆ తరువాతి నెలల మీద. నెలనెలా పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) జరిగే సమావేశంలో లక్ష్యాల లెక్క తీసుకున్నాక ఓ ఇరవై నిమిషాలు వదిలితే చాలు. ఒక ఏఎన్‌ఎం ఆ నెలలో జరిగిన ఒక సంభాషణను, పేర్లు చెప్పకుండా, జరిగింది జరిగినట్టు నటించి చూపాలి. ఇంకొకరు అత్తగా, మరొకరు కోడలిగా, కంచం తోసే మావగా కూర్చోవాలి. ఈ అభినయం పుస్తకభాషలో జరిగితే అభ్యాసం అంతా వృథా. ‘సోడియం వినియోగాన్ని పరిమితం చేయండి’ అన్న వాక్యం నోట్లో నానినవారు అరుగు మీదా అదే మాట్లాడతారు. ఊళ్లో ఏ మాట వాడతారో, రాగి అంబలిని చోడి అంబలి అనే ఇంట్లో ఏమనాలో, ఎవరిని అత్తా అని ఎవరిని అప్పా అని పిలవాలో ఈ నటనలోనే కుదురుతుంది. ఆశా కార్యకర్తలకు ఇది నర్సుల కంటే బాగా వచ్చు, వారు ఆ ఊరివారే. అందువల్ల ఈ ఇరవై నిమిషాల్లో గురువులు వారే కావడం మేలు. హోదాల దొంతరలో దీన్ని ఒప్పుకోవడం కొందరికి కష్టం కావచ్చు.

సమయం లేదన్న అభ్యంతరం నిజమైనదే. ఓటీపీ రాక, సిగ్నలు లేక యాప్ తెరుచుకోక గడిచే సమయాన్ని నర్సు సోమరితనంగా లెక్కకట్టే పర్యవేక్షణ ఉన్నంతకాలం, ఆరు నిమిషాల సంభాషణ విలాసంగానే కనిపిస్తుంది. రోజుకు ఇన్ని ఇళ్లు అన్న లక్ష్యం పెడితే ఇళ్ల సంఖ్య వస్తుంది, సంభాషణ రాదు. ‘కౌన్సెలింగ్ ఇచ్చారా: అవును, కాదు’ అన్న గడికి బదులు, ఆ ఇంటివారు తామే ఏం చేస్తామన్నారో ఒక్క వాక్యం రాసే గడి పెడితే, మరుసటి నెల నర్సు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ వాక్యమే చెబుతుంది. పెద్దాఫీసుల్లో ఆ వాక్యాలను కూడి శాతాలు తీయడం కుదరదు. దాన్ని లోపంగా చూడనక్కరలేదు.

మాటతో అన్నీ మారవన్నది కూడా ఒప్పుకోవాలి. కూరగాయల ధర, ఊరి చివరి మద్యం దుకాణం, మగవారిని దూరాలకు పంపే వలస, వీటిని నర్సు అరుగు మీద కూర్చుని మార్చలేరు. మార్చగలిగినట్టు వారిమీద బరువు మోపడం అన్యాయం. వారి చేతిలో ఉన్నది మళ్లీ ఆ ఇంటికి వెళ్లడం. నెల తిరిగాక అదే అరుగు మీద కూర్చుని, బీపీ పట్టీ చుట్టకముందే ‘‘మజ్జిగన్నంలో ఉప్పు సంగతి ఏమైంది పెద్దమ్మా?’’ అని అడిగితే, ఆవిడ నవ్వి, లోపలికి చూసి, పాకెట్టు తెమ్మని కోడలికి చెప్పవచ్చు. దాని మీద తేదీ ఉంటుంది, సగం ఉప్పు ఇంకా ఉంటుందో లేదో అప్పుడు ముగ్గురూ కలిసి చూస్తారు.